యావరేజి: నష్టాన్ని పంచుకోవడానికి పుట్టిన మాట



గత నెల మా చెల్లెలు ఫోను చేసింది. దుఃఖాన్ని అణచుకుంటున్నదని గొంతు వింటేనే తెలిసింది. "భాయిజాన్, ఇవాళ బడికి రమ్మన్నారు. మీవాడు యావరేజి స్టూడెంటు, పెద్ద ఆశలు పెట్టుకోకండి అన్నారు. వాడు పక్కనే నిలబడి అంతా విన్నాడు" అని చెప్పి మౌనంగా ఉండిపోయింది.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఎనిమిదో తరగతి చదువుతున్న మేనల్లుడు ప్రోగ్రెస్ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టి, తల వంచుకొని నిలుచున్నాడు. తెలుగు 88, సాంఘిక శాస్త్రం 74, హిందీ 71, సామాన్య శాస్త్రం 58, ఇంగ్లీషు 40, గణితం 29. మొత్తం 360. ఆరుతో భాగిస్తే 60. దాని పక్కనే ఎర్ర సిరాతో 'యావరేజి' అని రాసి ఉంది. "మామూ, యావరేజి అంటే పనికిరానివాడనా?" అని అడిగాడు.

"కాదు బేటా" అన్నాను గాని, అంతకు మించి జవాబు నా దగ్గర లేదు. ఇంటికి వచ్చి నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను. ఆ మాట నన్ను ఎక్కడెక్కడికో తీసుకుపోయి, చివరికి మా చెల్లెలి ఇంటి గుమ్మం దగ్గరే తెచ్చి నిలబెట్టింది. అందుకే ఈ నెల మన శీర్షికకు ఆ మాటనే ఎంచుకున్నాను. ఆ 29 మార్కుల వెనుక ఉన్న సంగతి చివర చెబుతాను.

ఇంగ్లీషు రానివారు కూడా నిత్యం వాడే మాట యావరేజి. క్రికెట్ ఆటగాడి పరుగులకు యావరేజి కడతారు. కరెంటు మీటరు పాడైతే యావరేజి బిల్లు వేస్తారు. ఎకరాకు యావరేజిగా ఎన్ని బస్తాలు పండాయని రైతులు మాట్లాడుకుంటారు. కొత్త సినిమా ఎలా ఉందంటే యావరేజి అని పెదవి విరుస్తారు. ఈ వాడుకలన్నిటినీ పరిశీలిస్తే రెండు అర్థాలు తేలుతాయి. మొదటిది లెక్కకు సంబంధించినది: అన్నిటినీ కూడి, ఎన్ని ఉన్నాయో అన్నిటితో భాగించగా వచ్చేది. తెలుగులో దీన్ని సగటు అంటాం. రెండోది విలువ కట్టేది: గొప్పదీ కాదు, చెడ్డదీ కాదు, చెప్పుకోదగినది ఏమీ లేదు అని. మా మేనల్లుడి కార్డు మీద మొదటి అర్థంలో వేసిన అంకె, వాడి మనసులో రెండో అర్థమై గుచ్చుకుంది.

అయితే ఈ రెండు అర్థాల్లో ఏదీ ఆ మాటకు పుట్టుకతో వచ్చినది కాదు.

నిఘంటుకారులు ఈ మాట జాడ తీస్తూ వెనక్కి నడిచారు. ఇంగ్లీషులో ఇది 15వ శతాబ్దం చివర కనిపిస్తుంది. అప్పుడది లెక్కల పుస్తకంలోని మాట కాదు, రేవుల్లోని మాట. ఓడ సరుకుపై రవాణా కూలి కాక పడే అదనపు ఖర్చును ఆ పేరుతో పిలిచేవారు. దాని వెనుక ఫ్రెంచిలో 'అవరీ', ఇటలీ భాషలో 'అవరీయా' ఉన్నాయి. ఆ రెండింటికీ అర్థం ఓడకు గాని, అందులోని సరుకుకు గాని కలిగిన నష్టం. వాటి వెనుక ఉన్నది అరబీ పదం 'అవార్', దాని నుంచి వచ్చిన 'అవారియా' అన్నది నేడు అధికులు అంగీకరించే అభిప్రాయం. అవార్ అంటే లోపం, దెబ్బతినడం. అవారియా అంటే పాడైపోయిన సరుకు. ఐన్, వావ్, రా అనే మూడక్షరాల ధాతువు ఇది. ఒక కన్ను పోయినవాణ్ణి అరబీలో 'అఅవర్' అనడం కూడా ఈ ధాతువు నుంచే.

హదీసు గ్రంథాలు చదివేవారికి ఈ పదం కొత్తది కాదు. హజ్రత్ అబూబక్ర్ (రజి) జకాత్ వసూలు నిమిత్తం హజ్రత్ అనస్ (రజి) గారిని బహ్రైన్ ప్రాంతానికి పంపినప్పుడు, దైవప్రవక్త (స) నిర్ణయించిన నియమాలను రాసి ఇచ్చారు. ఆ లేఖ సహీహ్ బుఖారీలో ఉంది. పశువుల జకాత్‌లో ముసలిదాన్నీ, లోపం ఉన్నదాన్నీ తీసుకోరాదన్న నియమం అందులో ఒకటి. ఆ 'లోపం' అన్నచోట ఉన్న అరబీ పదం అవార్. బీదవాని హక్కుగా ఇచ్చేది చెడిపోయినదై ఉండకూడదని చెప్పిన చోట కనిపించే మాటకూ, మా మేనల్లుడి కార్డు మీది మాటకూ మూలం ఒకటే.

అరేబియా మాట యూరప్ రేవులకు ఎలా చేరింది? వర్తకం ద్వారా. మధ్యయుగాల్లో మధ్యధరా సముద్రంపై ముస్లిం వర్తకులూ, జెనోవా, వెనిస్ నగరాల వర్తకులూ ఒకే రేవుల్లో బేరసారాలు చేసేవారు. సరుకుతో పాటు మాటలు కూడా చేతులు మారాయి. ధరల పట్టికకు టారిఫ్ అన్న పేరు అరబీ 'తఅరీఫ్' నుంచి వచ్చింది. నౌకాధిపతిని అడ్మిరల్ అనడానికి మూలం 'అమీర్'. మీరు చదువుతున్న మేగజైన్ అన్న మాట కూడా అరబీ 'మఖాజిన్' నుంచి వచ్చినదే, అంటే గిడ్డంగులు. ఆ బాటలోనే అవారియా కూడా ఓడ ఎక్కింది. ఇంగ్లీషు వారు తమ 'డ్యామేజ్' వంటి మాటల తోక దానికి తగిలించగా, అది యావరేజి అయింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పాడైన సరుకు అన్న మాటకు సగటు అన్న అర్థం ఎలా వచ్చింది?

నడిసముద్రంలో తుఫాను పట్టిన ఓడను ఊహించుకోండి. బరువు తగ్గిస్తే తప్ప ఓడ నిలవదు. కొంత సరుకు సముద్రంలో పారేయాలి. ఎవరిది పారేయాలి? ఎవరి పేరు చెప్పినా వారు ఒప్పుకోరు. వాదించుకుంటూ కూర్చుంటే అందరూ మునిగిపోతారు. అందుచేత చేతికి ఏది అందితే అది, పైన ఏది ఉంటే అది పారేస్తారు. ఓడ గట్టెక్కుతుంది. కాని ఒక వర్తకుడు మాత్రం సర్వం పోగొట్టుకొని రేవులో దిగుతాడు. మిగిలినవారి సరుకు భద్రంగా ఉందంటే అతని సరుకు పోయినందువల్లే. మరి ఆ నష్టం అతనొక్కడిదేనా?

కాదు, అందరిదీ అన్నది సముద్ర వర్తకుల ప్రాచీన న్యాయం. గ్రీకుల రోడ్స్ ద్వీపం పేరుతో ఈ సూత్రం ప్రసిద్ధమైంది. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన రోమన్ ధర్మశాస్త్ర సంకలనంలో కూడా చోటు చేసుకుంది. అందరి కోసం పోయినదాన్ని అందరూ కలిసి భర్తీ చేయాలన్నది దాని సారాంశం. న్యాయం పాతదే, దానికి తరువాతి కాలంలో స్థిరపడిన పేరు మాత్రం అరబీ మూలం నుంచి వచ్చింది.

దీన్ని చిన్న లెక్కతో చూద్దాం. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చేయించండి. ఓడ విలువ 50 లక్షలు. అందులో ముగ్గురు వర్తకుల సరుకు ఉంది: మొదటివారిది 20 లక్షలు, రెండోవారిది 20 లక్షలు, మూడోవారిది 10 లక్షలు. అంతా కలిపితే కోటి. తుఫానులో మూడోవారి 10 లక్షల సరుకు మొత్తం పారేశారు. అంటే కోటిలో పదో వంతు పోయింది. కాబట్టి ప్రతి ఒక్కరూ తమ విలువలో పదో వంతు భరించాలి. ఓడ యజమాని 5 లక్షలు, మొదటివారు 2 లక్షలు, రెండోవారు 2 లక్షలు ఇస్తారు. మూడోవారి చేతికి 9 లక్షలు వస్తాయి. మిగిలిన ఒక లక్ష అతని వంతు నష్టం. ఎక్కువ దక్కినవారు ఎక్కువ ఇస్తారు, తక్కువ దక్కినవారు తక్కువ ఇస్తారు. నష్టపోయినవాడు కూడా తన వాటాకు మించి నష్టపోడు.

ఈ పంపిణీనే యావరేజి అన్నారు. పాడైన సరుకు పేరు, ఆ నష్టాన్ని న్యాయంగా పంచే పద్ధతికి పేరయింది. ఓడల వర్తకంలో నేటికీ ఆ మాటకు ఈ అర్థమే ఉంది. వివిధ దేశాల వర్తకులు 1864లో ఇంగ్లండులోని యార్క్ నగరంలోనూ, 1877లో బెల్జియంలోని ఆంట్‌వర్ప్ నగరంలోనూ సమావేశమై దీనికి ఉమ్మడి నియమావళి ఏర్పరచారు. యార్క్-ఆంట్‌వర్ప్ నియమాలు అనే పేరుతో అది నేటికీ అమలులో ఉంది. చివరిసారి 2016లో సవరించారు. 2021 మార్చి 23న సూయజ్ కాలువలో 'ఎవర్ గివెన్' అనే 400 మీటర్ల పొడవైన ఓడ అడ్డం తిరిగి, 29వ తేదీ వరకు అక్కడి రాకపోకలను నిలిపివేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత ఓడ యజమాని ఈ నియమాన్నే ప్రకటించాడు. ఓడను రక్షించడానికి అయిన ఖర్చులో తమ వాటా చెల్లిస్తామని హామీ ఇవ్వనిదే సరుకు యజమానులకు సరుకు అందలేదు.

ముస్లిం న్యాయవేత్తలు కూడా ఈ సమస్యను లోతుగా చర్చించారు. ఓడల అద్దెలు, ఓడల్లో తలెత్తే తగాదాలపై 10వ శతాబ్దంలోనే 'కితాబు అక్‌రియతిస్ సుఫున్' అనే ప్రత్యేక గ్రంథం మాలికీ సంప్రదాయంలో వెలువడింది. ఓడను కాపాడటానికి సరుకు పారేస్తే, ఆ నష్టాన్ని దక్కిన సరుకుల యజమానులంతా విలువను బట్టి పంచుకోవాలని మాలికీ విద్వాంసులు తీర్మానించారు. వివరాల్లో ఇతర మజ్‌హబ్‌ల వారికి భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

మన తీరం కూడా ఈ చరిత్రకు దూరం కాదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాగుకొనేవారని ఆ శాసనమే చెబుతుంది. సముద్రయానమనే గొప్ప సాహసానికి పూనుకొన్న వర్తకులపై దయతో, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆ రాజు అభయమిచ్చాడు. సుంకం ముప్పయింట ఒక వంతు. దెబ్బతిన్నవాణ్ణి ఇంకా దోచుకోవడమా, అతని భారాన్ని తగ్గించడమా అన్న ప్రశ్న అన్ని తీరాలలోనూ ఒక్కటే.

దైవప్రవక్త (స) సమాజాన్ని ఓడతోనే పోల్చారు. హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు మీలో చాలామంది విన్నదే. కొందరు పై అంతస్తులో, కొందరు కింది అంతస్తులో ప్రయాణిస్తున్నారు. కిందివారు నీళ్ళ కోసం మాటిమాటికీ పైకి రావలసి వస్తుంది. పైవారిని ఇబ్బంది పెట్టకుండా తమ భాగంలోనే రంధ్రం చేసుకుందామని వారనుకుంటారు. పైవారు ఊరకుంటే అందరూ మునుగుతారు, ఆపితే అందరూ బతుకుతారు. ఈ హదీసును ఇమామ్ బుఖారీ భాగస్వామ్యానికి సంబంధించిన అధ్యాయంలో చేర్చారు. అదే అధ్యాయంలో అష్అరీ తెగవారి ప్రస్తావన కూడా ఉంది. యుద్ధయాత్రలో గాని, మదీనాలో గాని తిండి తక్కువైనప్పుడు వారు తమ దగ్గర ఉన్నదంతా ఒక గుడ్డ మీద పోగుచేసి, ఒకే గిన్నెతో కొలిచి సమానంగా పంచుకొనేవారు. వారు నావారు, నేను వారివాణ్ణి అని ప్రవక్త (స) వారిని మెచ్చుకున్నారు. అది కూడా సగటు తీయడమే: అందరిదీ కూడి, అందరికీ భాగించడం. కాని ఆ సగటులో ఎవరి విలువా తగ్గలేదు, అందరి ఆకలీ తీరింది.

అలాంటి మాట మనుషులకు తక్కువ విలువ కట్టే మాటగా ఎలా దిగజారింది?

18వ శతాబ్దంలో ఇంగ్లీషువారు ఓడ నష్టం లెక్కను ఇతర లెక్కలకు కూడా వాడసాగారు. హెచ్చుతగ్గులను సర్ది, అందరిపై సమంగా పరచగా వచ్చే అంకె యావరేజి అయింది. ఇందులో నష్టం మాయమైంది, పంచుకోవడం కూడా మాయమైంది. భాగహారం మాత్రం మిగిలింది. సరుకును లెక్కించే చేతితోనే మనుషులను లెక్కించడం కూడా ఆ శతాబ్దంలోనే విచ్చలవిడిగా సాగింది. 1781లో 'జాంగ్' అనే బ్రిటిష్ బానిసల ఓడ నుంచి 130 మందికి పైగా ఆఫ్రికన్లను నీళ్ళు చాలవన్న సాకుతో బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. ఆపైన, సరుకు పారేసిన నష్టం కింద ఓడ యజమానులు బీమా సొమ్ము కోరారు. 1783లో లండన్ నగరంలో జరిగిన మొదటి విచారణలో జ్యూరీ వారి పక్షమే వహించింది. తరువాత పునర్విచారణకు ఆదేశం వచ్చింది గాని, ఆ హత్యలకు ఎవరికీ శిక్ష పడలేదు. మనిషిని అంకెగా మార్చినవాడికి ఆ అంకెను కొట్టివేయడం కష్టం కాదని ఆ ఓడ చరిత్ర చెబుతున్నది.

1835లో బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త అడాల్ఫ్ కెటెలే 'సగటు మనిషి' అన్న భావనను ప్రచారంలోకి తెచ్చాడు. నక్షత్రాల స్థానాలు కొలిచేటప్పుడు పలు కొలతల సగటును నిజానికి దగ్గరగా తీసుకుంటారు. అదే పద్ధతిని ఆయన మనుషులకు వర్తింపజేశాడు. ఆయన దృష్టిలో సగటు మనిషి ఆదర్శం. మిగిలినవారు ఆ ఆదర్శం నుంచి తప్పినవారు. అర్ధ శతాబ్దం తరువాత ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్ చేతిలో లెక్క తలకిందులైంది. సగటు అంటే సామాన్యం, చెప్పుకోదగినది కాదు అన్న అర్థం బలపడింది. మన పిల్లల కార్డులపై ఎర్ర సిరాతో రాసేది ఈ అర్థమే.

ఇంతకూ ఆ 'సగటు మనిషి' ఎక్కడైనా ఉన్నాడా? 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్ల శరీర కొలతలు తీసుకుంది. విమానంలో పైలట్ కూర్చునే స్థలాన్ని సగటు కొలతలకు తగినట్టు చేస్తే సరిపోతుందని వారి ఆలోచన. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు ఎత్తు, ఛాతీ, చేతుల పొడవు వంటి 10 కొలతలను ఎంచుకున్నాడు. సగటుకు అటూ ఇటూ కొంత వెసులుబాటు కూడా ఇచ్చి, పదింటిలోనూ సగటుగా ఉన్నవారు ఎందరో లెక్కించాడు. ఒక్కరూ లేరు. నాలుగు వేల పైచిలుకు మందిలో ఒక్కరు కూడా లేరు. ఒకరికి చేతులు పొడవు, కాళ్ళు పొట్టి. మరొకరికి ఛాతీ వెడల్పు, నడుము సన్నం. అందరికీ సరిపోవాలని చేసిన సీటు నిజానికి ఎవరికీ సరిపోలేదు. ఆ తరువాతే ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ జరుపుకొనే సీట్ల వైపు దృష్టి మళ్ళింది. మనిషిని సీటుకు సర్దడం మాని, సీటును మనిషికి సర్దడం మొదలుపెట్టారు.

మా మేనల్లుడి కార్డులో కూడా అంతే. వాడికి 60 మార్కులు వచ్చిన సబ్జెక్టు ఒక్కటీ లేదు. ఆ 60 వెనుక వాడి 88 కనబడకుండా పోయింది, 29 కూడా కనబడకుండా పోయింది. మెచ్చుకోవలసినది మెచ్చుకోలేదు, చేయి అందించవలసిన చోట అందించలేదు.

ఇక్కడ మరో మాట గుర్తుచేసుకోవాలి. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడేవారు సగటును 'ఔసత్' అంటారు. ఇది 'వసత్' అనే అరబీ మాట నుంచి వచ్చింది. మధ్య భాగం, నడిమి అని అర్థం. యావరేజి అన్న మాటకు ఇంగ్లీషులో పట్టిన గతి దీనికి దివ్యఖుర్ఆన్‌లో పట్టలేదు. అల్ బఖరా సూరా 143వ ఆయత్‌లో విశ్వాసుల సముదాయానికి ఇచ్చిన గుర్తింపే 'వసత్'; అటూ ఇటూ ఒరగని న్యాయశీల సముదాయమని దాని భావం. అల్ మాయిదా సూరా 89వ ఆయత్‌లో, ప్రమాణం తప్పినవాడు చేయదగిన పరిహారాలలో ఒకటిగా పదిమంది పేదలకు అన్నం పెట్టడం ఉంది. ఎలాంటి అన్నం? తన ఇంటివారికి పెట్టే తిండిలో ఔసత్ అయినది. అంటే మిగిలిపోయినదీ, చెడిపోయినదీ కాదు. మన పిల్లలు తినేదే.

అల్ ఖలమ్ సూరాలో తోట యజమానుల వృత్తాంతం ఉంది. పేదవాడెవడూ లోపలికి రాకుండా తెల్లవారుజామునే పంట కోసుకుందామని వారు ఒట్టు పెట్టుకున్నారు. రాత్రికి రాత్రే తోట నాశనమైంది. ఉదయం వెళ్ళి చూసి నిశ్చేష్టులయ్యారు. అప్పుడు వారిలో ఒకడు, దైవాన్ని స్మరించమని నేను మీకు ముందే చెప్పలేదా అని గుర్తుచేశాడు. ఆ ఒక్కడిని ఖుర్ఆన్ ఏమని పేర్కొన్నదో తెలుసా? వారిలోని ఔసత్ అని. వ్యాఖ్యాతలు దానికి వారిలో ఉత్తముడు, న్యాయం తెలిసినవాడు అని అర్థం చెప్పారు. మనం పిల్లవాణ్ణి కించపరచడానికి వాడే మాటకు సాటి అయిన మాట, అక్కడ అందరిలోకీ మంచివాడికి బిరుదయింది.

ఇక ఆ 29 సంగతి.

ఈ సంవత్సరం మొదట్లో మా బావగారు జారిపడి కాలు విరిగింది. మూడు నెలలు మంచం దిగలేదు. వారికి చిన్న కిరాణా దుకాణం ఉంది. అది మూతపడితే ఇల్లు గడవదు. పెద్దమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది, దాని చదువు ఆపలేము. చెల్లెలు మంచంలో ఉన్న మనిషిని చూసుకోవాలి. మిగిలింది ఎనిమిదో తరగతి పిల్లవాడు. పొద్దున్నే దుకాణం తెరిచేవాడు, సామాను తూచేవాడు, రెండు పీరియడ్లు అయ్యాక బడికి పరుగెత్తేవాడు. వారి బడిలో మొదటి పీరియడ్ గణితం, రెండోది ఇంగ్లీషు. "మాషా అల్లాహ్, ఎంత హుషారైన పిల్లాడు" అని మేమంతా మెచ్చుకున్నాం. మెచ్చుకున్నవారిలో నేనూ ఉన్నాను.

నిఘంటువు మూసిన రాత్రి నాకు ఈ లెక్క కళ్ళ ముందు కదిలింది. మా ఇంటి ఓడ తుఫానులో చిక్కుకుంది. దాన్ని గట్టెక్కించడానికి మేము పారేసింది ఆ పిల్లవాడి గణితం, వాడి ఇంగ్లీషు. మిగిలినవారి సరుకు భద్రంగా ఒడ్డుకు చేరింది. పెద్దమ్మాయి ఫీజు సకాలంలో కట్టారు. ఇంటి అద్దె ఆగలేదు. బావగారి మందులకు లోటు రాలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని చెప్పాలి: రెండేళ్ళ కిందట నా దగ్గర తీసుకున్న ఖర్జె హసనా వాయిదాలు ఆ మూడు నెలలూ తప్పకుండా నాకు అందాయి. అవి ఆ దుకాణం గల్లా నుంచి, ఆ పిల్లవాడి చేతుల మీదుగా వచ్చినవే. నా సరుకు కూడా ఆ ఓడలోనే ఉంది. అది దక్కింది. నష్టం మాత్రం వాడొక్కడి కార్డు మీద పడింది.

మరుసటి జుమా నాడు నమాజు తరువాత అందరం వాళ్ళింట్లో కూర్చున్నాం. ఈ మాట కథ మొత్తం వాడి ముందే చెప్పాను. ఎవరెవరికి ఏమేమి దక్కిందో ఒక కాగితం మీద రాశాం. ఆపైన ఎవరి వాటా ఎంతో తేల్చుకున్నాం. వాయిదాలు ఆరు నెలలు ఆపివేయమన్నాను. ఆ సొమ్ముతో ఉదయం పూట దుకాణంలో ఒక సహాయకుణ్ణి పెట్టుకుంటారు. వారానికి నాలుగు రోజులు మగ్రిబ్ నుంచి ఇషా వరకు గణితం నా వంతు. రోజూ అరగంట ఇంగ్లీషు అక్క వంతు. దుకాణం పేరుతో ఇక ఒక్క పీరియడ్ కూడా పోనివ్వనని బావగారు మాట ఇచ్చారు. చెల్లెలు బడికి వెళ్ళి, మూడు నెలల సంగతి ఉపాధ్యాయులకు వివరంగా చెప్పి వచ్చింది. ఆ సంగతి తమకు తెలియదని వారు అన్నారట. మేము చెప్పలేదు, వారు అడగలేదు. ఇక మూడో వర్తకుడిలాగా వాడికి కూడా ఒక వాటా ఉంది: కూర్చుని చదవడం. అది మేమెవరం వాడికి బదులు చేయలేము.

అంతా విని వాడు, "అయితే మామూ, నేను మీరు పారేసిన సరుకునా?" అన్నాడు.

"కాదు బేటా. నీవు వర్తకుడివి. నీ సరుకు ఇచ్చి మా అందరినీ ఒడ్డుకు చేర్చావు. మేము నీకు బాకీ ఉన్నాం" అన్నాను. వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది. వాడు లోపలికి వెళ్ళి గణితం పుస్తకం తెచ్చుకున్నాడు.

ప్రియ పాఠకులారా! మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరి మీద ఇలాంటి ఎర్ర సిరా ముద్ర ఉండవచ్చు. చదువులో వెనుకబడిన కొడుకు కావచ్చు. తమ్ముళ్ళ చదువు కోసం బడి మానేసిన పెద్దమ్మాయి కావచ్చు. అన్నదమ్ములను నిలబెట్టి తాను ఏమీ కూడబెట్టుకోలేకపోయిన పెద్దన్నయ్య కావచ్చు. అత్తమామల సేవలో ఆరోగ్యం పోగొట్టుకున్న కోడలు కావచ్చు. వారిని అంతంతమాత్రం మనుషులని తేల్చేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. మన ఓడ తేలడం కోసం పారేసిన సరుకు ఎవరిది? మన చేతిలో భద్రంగా ఉన్నది ఎవరి నష్టం వల్ల దక్కింది? జవాబు దొరికితే, మీ వాటా ఎంతో లెక్క కట్టి చెల్లించండి. అది దానం కాదు, బాకీ.

మన బాకీలను గుర్తించే చూపునూ, వాటిని తీర్చే శక్తినీ అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.